ఉప్పు కచేరీలో పంకా

మద్రాసు చింతాద్రిపేటలో, కూవం ఏటి గట్టు మీద, ఉప్పు కచేరీ అని ఒక పాత సర్కారు మేడ ఉండేది. దొరల కాలంలో ఉప్పు మీద పన్ను వసూలు చేసిన ఆఫీసు. పగలు దాని నీడలో మోటారు సామాన్ల అంగళ్ళవాళ్ళు బండ్లు నిలుపుకునేవాళ్ళు. దీపాలు పెట్టే వేళకి ఒక్క బండి కనిపించేది కాదు. ఆటోవాళ్ళు వీధి మొగలోనే ఆపి, "ఈడనే దిగిపోండి" అనేవాళ్ళు. మీటరు మీద ఎంత ఇస్తామన్నా ముందుకి కదిలేవాళ్ళు కాదు.

కారణం, మేడ మీద హాల్లో ఉండే పంకా.

పంకా అంటే కరెంటుది కాదు. హాలు పొడుగునా వేలాడే పెద్ద కొయ్య, దానికి గుడ్డ కుచ్చులు. దాని తాడు గోడలోని కంతలోంచి వెనక వరండాలోకి పోతుంది. ఆ వరండాలో ఒక మనిషి కూర్చుని తాడు లాగుతూ ఉంటే, ఇవతల దొరకి గాలి వస్తుంది. ఒక ఎండాకాలం ఆ లాగే మనిషి తాడు పట్టుకునే ప్రాణం విడిచాడట. గాలి ఆగిపోయిందని లోపల దొర కేక వేశాడట.

ఆ కేక విని... తాడు మళ్ళీ కదిలిందట.

ఇంతవరకూ పేటలో అందరూ ఒకేలా చెప్పేవాళ్ళు. తర్వాతి సంగతే ఎవరికి వాళ్ళది. చచ్చినవాడు దొరని గొంతు పిసికాడని కొందరు, పాపం ఇంకా జీతం లేకుండా లాగుతూనే ఉన్నాడని కొందరు.

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన మరుసటి ఏడు, ఆ మేడని బాగుచేసి వాడుకలోకి తేవాలని సర్కారు అనుకుంది. పని కన్యక మీద పడింది. అసిస్టెంట్ ఇంజనీరు. నేతపని కోసం ఎప్పుడో వచ్చి ఆ పేటలోనే ఉండిపోయిన తెలుగువాళ్ళ పిల్ల. ఒంటిగది ఇల్లు కాబట్టి, పెద్ద పరీక్షలన్నీ మూసేసిన అంగడి మెట్ల మీద, వీధి దీపం కింద చదివి పాసయింది. ఇప్పటికీ ఆ మెట్ల మీద పిల్లలు చదువుతూనే ఉన్నారు. అందుకని ఆమె గీసిన ప్లానులో ఉప్పు కచేరీ మేడమీది హాలు ఆ పిల్లలది. పొడుగు బల్లలు, మంచి దీపాలు, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే తలుపు.

గోడల్లో దిగిన రావి వేళ్ళు పెరికించింది. పాత పద్ధతిలో సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపించి గచ్చు వేయించింది. పాత పటంలో పంకా ఉంది కాబట్టి కొత్త పంకా చేయించింది. ఎస్టిమేటులో 'పంకా, తాడుతో సహా' అని రాసి ఉంది. కంట్రాక్టరు తాడుతో సహా బిగించాడు. కంతలోంచి వరండాలోకి పంపి, కొసని అలాగే వదిలేశాడు. బిల్లు పాసయింది. ఆ కొసని ఎవరు పట్టుకోవాలన్నది ఎస్టిమేటులో లేదు.

వారం తిరక్కముందే పంకా ఊగడం మొదలైంది.

"నేను చూసినా మేడం," అన్నాడు మేస్త్రీ పళని. "గాలి లేదు, ఏం లేదు. అది మాత్రం... ఇట్టా... ఇట్టా..."

"తాగినావా?"

"తాగుంటే నాకు భయమెందుకేస్తాది మేడం?"

మరునాటి నుంచి పనివాళ్ళు పొద్దు వాలకముందే తాపీలు కడుక్కుని వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

దెయ్యం ఒక్కటే అయితే కన్యక పట్టించుకునేది కాదు. ఆమె అసలు దిగులు వేరే. పై అధికారి ఒకాయన మనసు ఆ హాలు మీద పడింది. ఆఫీసర్ల క్లబ్బు పెడితే బాగుంటుందన్నాడు. ఆయనే వచ్చి చూసి, ఎవరికివ్వాలో తేల్చి సంతకం పెడతాడు. కన్యక పైన ఉన్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కృష్ణస్వామి అప్పుడే క్లబ్బు ప్లాను కూడా గీయించి పెట్టాడు.

"ఇది పబ్లిక్ బిల్డింగు సార్."

"ఆఫీసర్లు పబ్లిక్ కాదా అమ్మా?"

"వాళ్ళకి మూడు క్లబ్బులుండాయి. ఆ పిల్లకాయలకి మెట్లే ఉండేది."

"పైనుంచి వచ్చిన మాట కన్యకా. మనం గీతలు గీసేవాళ్ళం. అంతే." ఆయన ఇడ్లీ పొట్లం విప్పుకున్నాడు. సర్వీసులో పైవాళ్ళ కాగితం మీద 'కాదు' అని రాసిన పాపాన పోలేదాయన.

ఆ కోపంలోనే కన్యక ఆ సాయంత్రం ఒంటరిగా ఉప్పు కచేరీకి వెళ్ళింది. ఆఫీసర్ల సంగతి తన చేతిలో లేదు. దెయ్యం సంగతైనా తేల్చుకోవాలి.

వాన వెలిసింది. కూవం కంపు మెట్లెక్కి వస్తోంది. దూరంగా వంతెన మీద ఆకాశ రైలు గడగడలాడుతూ పోయింది... తర్వాత ఏ చప్పుడూ లేదు.

హాలు తలుపు తోసింది.

కిర్... ర్...

తలుపు కాదు. తలుపు ఎప్పుడో ఆగింది.

టార్చి పైకెత్తింది. పంకా ఊగుతోంది. గుడ్డ కుచ్చులు రెపరెపలాడడం లేదు, మొత్తం కొయ్యే ముందుకి వచ్చి — ఒక్క క్షణం ఆగి — వెనక్కి పోతోంది. ఎవరో తొందరేమీ లేకుండా, రోజూ చేసే పనిలాగా, లాగుతున్నట్టు.

కన్యక లోపలికి అడుగు వేసింది. తాడు వెంట టార్చి నడిపింది. తాడు బిగుస్తోంది... వదులవుతోంది... బిగుస్తోంది. గోడ కంత దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది.

అవతల ఎవరో సన్నగా మూలుగుతున్నారు. మూలుగు కాదు... రాగం.

వెనక వరండాలోకి తిరిగింది. చీకట్లో తెల్లగా ఏదో వేలాడుతోంది. టార్చి లేపబోయింది —

"ష్... లేపొద్దు!"

కన్యక చేతిలోంచి టార్చి జారి గచ్చు మీద పడింది.

"అయ్యో, నేనేనమ్మా. చెల్లమ్మని."

పొద్దున సున్నం రుబ్బే చెల్లమ్మ. తిరుత్తణి పక్క ఊరిది. దూలానికి పాత చీర ఉయ్యాల కట్టుంది. అందులో బిడ్డ నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఉయ్యాలకి పంకా తాడు కొస ముడేసి ఉంది.

"ఊరికే ఏలాడతా ఉండిందమ్మా, కట్టుకున్నా," అంది చెల్లమ్మ గుసగుసగా. "ఒకసారి లాగి వదిలితే చాలు, లోపల ఆ కొయ్య బరువుకి అదే ఊపుతా ఉంటాది. నేను అన్నం వండుకోవచ్చు."

"మీ మేస్త్రీలు నీవల్లే పారిపోతావుండారే!"

"తెలుసు. పళని రెండు మెట్లు ఒకేసారి దూకినాడు," అని చెల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంటనే మొహం మారింది. "చెప్పొద్దమ్మా. కింద గుడిసెలోకి కూవం నీళ్ళొచ్చేసినాయి. ఈడొక్కటే తడవదు. తెలిస్తే తరిమేస్తారు."

మర్నాడు కన్యక కృష్ణస్వామికి ఒక్కడికే చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"పళని రెండు మెట్లు దూకినాడా?"

"సార్, నవ్వులాట కాదు."

"నవ్వలేదే. ఇంకెవరికీ చెప్పొద్దు. ఉయ్యాలని తెలిస్తే ఆ పూటే ఊడబీకి పారేస్తారు. దెయ్యాన్నైతే ఎవరూ కదిలించరు. పనులు పగలే చేయించు." కాసేపు పెన్ను మూత తిప్పాడు. "ఆ తాడు లాగడానికి బలం కావాల్నా?"

"బిడ్డ తల్లి ఒంటిచేత్తో లాగతాంది సార్."

"ఓహో. సరే... తనిఖీ రోజు మాత్రం ఉయ్యాల తీయించెయ్. ఆయన ముందర ఏ రభసా వద్దు."

కన్యకకి ఒళ్ళు మండింది. ఆ పెద్దాయనకి ఏ ఇబ్బందీ కలగకూడదు, అంతే కదా ఈయన ఆలోచన. అయినా ఆమెకీ అదే మంచిదనిపించింది. దెయ్యం గొడవ తెలిస్తే, ఈ కొంప మీద ఇంక పైసా ఖర్చు పెట్టొద్దని తాళం వేయించగలడు.

తనిఖీ రోజు సాయంత్రం తన చేత్తోనే ముడి విప్పింది. చీర మడిచింది. చెల్లమ్మని, బిడ్డని పక్క వీధిలో ఉన్న తన ఇంట్లో దింపి వచ్చింది. కొస మళ్ళీ ఊరికే వేలాడింది.

పై అధికారి వచ్చేసరికి చీకటి పడింది, తుంపర మొదలైంది. గుంటూరు వైపు మనిషి. వెంట క్లబ్బు కమిటీ వాళ్ళు ఇద్దరు. కృష్ణస్వామి ముదురు నీలం సఫారీలో చేతులు కట్టుకుని వెనకే నడిచాడు.

"భలే ఉందయ్యా కృష్ణస్వామీ!" అన్నాడు అధికారి హాలు మధ్య నిలబడి. "ఆ మూల బారు. ఈ కిటికీల పక్కన పేకాట బల్లలు. ఏమంటావ్?"

"తమరు చెప్పింది చాలా బావుంది సార్."

"మరి ఈ అమ్మాయేదో పిల్లల చదువంటోంది?"

"వయసు సార్," అన్నాడు కృష్ణస్వామి, టీ తెప్పిస్తానని వెనక మెట్ల వైపు నడుస్తూ.

కన్యక పళ్ళు కొరుక్కుంది.

కాసేపటికి దీపాలు పోయాయి.

"ఇదేవిటయ్యా!"

"వాన కదా సార్. అట్టే నిలబడండి, కింద పెట్రోమాక్స్ ఉండాది. తెస్తా." కృష్ణస్వామి గొంతు వెనక మెట్ల కిందనుంచి వచ్చింది.

నలుగురూ చీకట్లో నిలబడ్డారు. కిటికీలోంచి తడి గాలి. ఎవరో దగ్గారు.

"ఈ మేడకేదో పేరుందటగా," అన్నాడు కమిటీ మనిషి ఒకడు, మెల్లగా.

"అవన్నీ ఆటోవాళ్ళ కబుర్లు," అన్నాడు అధికారి, కొంచెం గట్టిగా.

కిర్... ర్...

"ఏంటది?"

రెండు జతల బూట్లు అధికారి దగ్గరికి జరిగాయి.

కిర్... ర్... ఈసారి గాలి కూడా వచ్చింది. పైనుంచి. నెత్తి మీద చల్లగా, ఎవరో ఊదినట్టు.

కన్యక చీకట్లోనే గోడ కంత వైపు తిరిగింది. ముడి తనే విప్పింది. చీర తనే మడిచింది. చెల్లమ్మ అక్కడ, తన ఇంట్లో, అమ్మ దగ్గర... మరి ఇక్కడ...

అధికారి అగ్గిపుల్ల గీశాడు. ఆ వెలుగులో పంకా వాళ్ళ తలల మీదికి వచ్చింది — ఆగింది — వెనక్కి పోయింది. కుచ్చుల గాలికి పుల్ల ఆరిపోయింది.

"అమ్మో!" అన్నది ఎవరో చెప్పడం కష్టం. ముగ్గురూ అన్నట్టే ఉంది. మెట్ల మీద బూట్లు దడదడలాడాయి. కన్యక కూడా ఆగలేదు. తర్వాత తను ఎన్ని మెట్లు దూకిందో పళనికి ఎప్పుడూ చెప్పలేదు.

కింద కారు లైట్ల ముందు అధికారి రొప్పుతూ నిలబడ్డాడు. ఇంతలో కృష్ణస్వామి మేడ పక్కనుంచి, చేతిలో వెలుగుతున్న పెట్రోమాక్స్‌తో, పరుగు పరుగున వచ్చాడు.

"ఏమైంది సార్? మీరే దిగొచ్చినారే!"

"ఏం కాలేదయ్యా. ఉక్కగా ఉంటే వచ్చాం." అధికారి చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆలోచించానయ్యా. క్లబ్బుకి ఇది పనికిరాదు. కార్లు పెట్టుకోడానికి చోటు లేదు. ఈ ఏటి కంపొకటి."

"అయ్యయ్యో. మరి సార్?"

"ఈ అమ్మాయి ప్లానే బాగుంది. చదువుకునే పిల్లలకి ఇచ్చేద్దాం. పబ్లిక్‌కి."

"రాత్రి తొమ్మిది దాకా తెరిచి పెట్టాలంటాంది సార్. పబ్లిక్‌కి ఏం ఇబ్బంది ఉండదు గదా?"

"పబ్లిక్‌కి ఏవుంటుందయ్యా!" అని అధికారి ఫైలు లాక్కుని, కారు బానెట్ మీద పెట్టి, కృష్ణస్వామి దీపం పట్టుకుంటే, సంతకం పెట్టేశాడు. కారు తలుపులు టపటపా పడ్డాయి. వీధి మొగ తిరిగేదాకా ఎక్కడా బ్రేకు పడలేదు.

కన్యక కృష్ణస్వామి దగ్గరికి వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "సార్," అంది, "ముడి నేనే విప్పినా సార్. నిజంగా. ఆడ ఎవరూ లేరు."

"ఉండరమ్మా. ఈ వేళప్పుడు ఎవరుంటారు?" అని కృష్ణస్వామి వెనక మెట్ల కింది మెయిన్ స్విచ్ వైపు నడిచాడు.

పెట్రోమాక్స్ వెలుగు ఆయన వీపు మీద పడింది. ముదురు నీలం సఫారీ, మెడ నుంచి నడుము దాకా, తెల్లగా ఉంది. వెనక వరండా గోడకి ఆ మధ్యాహ్నమే పళని రెండో పూత సున్నం కొట్టి వెళ్ళాడు. ఆ గోడకి వీపు ఆనించి, కాళ్ళు బిగబట్టి నిలబడితే తప్ప అంత సున్నం అంటదు.

"సార్... మీ వీపు..."

ఆయన మెడ తిప్పి చూసుకోబోయాడు. కనిపించలేదు.

"దెయ్యం తట్టిందిలేమ్మా," అన్నాడు. "సర్వీసు మొత్తంలో నా వెన్ను ఎవరూ తట్టలేదు. ఇదే మొదలు."

స్విచ్ పైకి వేశాడు. మేడంతా వెలిగింది.