పిల్లరు మాత్రం బాగా వచ్చింది

నాచారంలో హెన్రీ స్టూడియో బోర్డు మీద 'మీకంటే మీ ఫొటో బాగుంటుంది' అని రాసి ఉంటుంది. అది చదివి ఇన్నాళ్లూ ఎవరూ కోపం తెచ్చుకోకపోవడం ఆ పేటవాళ్ల మంచితనం. కోపం తెచ్చుకున్న మొదటి మనిషి నిస్సీ.

"అంటే నేను బాగలేననా?" అంది, ఇంకా లోపలికి అడుగు పెట్టకుండానే.

లెన్సు తుడుచుకుంటున్న హెన్రీ తలెత్తాడు. గడపలో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక వాన వెలిసిన వెలుతురు. వెనక నుంచి వెలుతురు పడితే మొహం నల్లగా వస్తుందని ఫొటోగ్రాఫరన్నవాడికి వెంటనే తట్టాలి. హెన్రీకి ఏమీ తట్టలేదు.

"మిమ్మల్ని కాదండీ. అది అందరికీ..."

"ఓహో, నాచారంల ఎవ్వరూ బాగలేరా?"

ఇంతలో ఆమె వెనక నుంచి ఒక పెద్దాయన గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. పేరు ఆశీర్వాదం. ఆ అమ్మాయి తండ్రి.

"వందనాలు బ్రదర్. నా బిడ్డ నిస్సీ. బిస్కెట్ ఫ్యాక్టరీల క్వాలిటీ చెకింగ్ జేస్తది. సంబంధాలు చూస్తున్నం. ఫొటో పంపుతం. వాళ్లేమో 'ప్రార్థన జేసి చెప్తం' అంటరు. ఇగ అంతే."

హెన్రీ జాలిగా తలూపాడు. అతనూ క్రైస్తవ విశ్వాసంలోనే పెరిగినవాడు కాబట్టి సంగతి తెలుసు. వాళ్లలో సంబంధం వద్దని ఎవరూ మొహం మీద చెప్పరు, ప్రార్థన చేసి చెప్తామంటారు. ఆ ప్రార్థన ఏనాటికీ పూర్తి కాదు.

"ఫొటోలు చూపియ్యండి అంకుల్."

ఆశీర్వాదం ఫోన్ ఇచ్చాడు. చూస్తున్నకొద్దీ హెన్రీ మొహం ఎక్స్‌రే చూస్తున్న డాక్టరు మొహంలా తయారైంది.

"ఇవి ఎవరు తీసిన్రు?"

"నేనే," అన్నాడు ఆశీర్వాదం గర్వంగా.

"ఇందుల ఫ్రిజ్ మస్తుగ వచ్చింది. మీ బిడ్డ యాడుంది?"

"ఫ్రిజ్ పక్కన."

"అంత దూరంకెల్లి ఎందుకు తీసిన్రు? నాలుగడుగులు ముందుకొస్తే మనిషి కనబడుతది గద."

"చెప్పులు రావాలె బ్రదర్. కొత్తయి."

హెన్రీ తర్వాతి ఫొటోకి వెళ్లాడు. "ఇందుల ట్యూబ్‌లైట్ సక్కగ నెత్తి మీదుంది. కండ్ల కింద గుంటలు పడ్డయి. కిటికీ పక్కన నిలబెడితే పక్కకెల్లి మెత్తగ వెలుతురు పడుతుండె. ఇందులనేమో నెత్తిలకెల్లి కొబ్బరిచెట్టు మొలిచింది. ఫొటో తీసే ముందు మనిషి వెనక ఏముందో ఒక్కసారి చూస్కోవాలె అంకుల్. మరి ఈ మూలకు ఎర్రగ, గుండ్రంగ... ఇదేంది?"

"నా బొటనవేలు."

హెన్రీ ఇంకో నాలుగు ఫొటోలు చూసి ఆగాడు. బొటనవేలు సరే, పెద్దాయనది. కానీ ప్రతి ఫొటోలోనూ ఆ అమ్మాయి సరిగ్గా కొబ్బరిచెట్టుకు ముందో, కిటికీకి అడ్డంగానో ఉంది. ప్రతి ఫొటోలోనూ కళ్లు మూసుకునే ఉంది. తప్పులు ఇంత శ్రద్ధగా ఎవరికీ జరగవు. అతను నిస్సీ వైపు చూశాడు. ఆమె ఏ పాపం ఎరగనిదానిలా సీలింగు ఫ్యాను వైపు చూస్తోంది.

ఆశీర్వాదానికి ఫోన్ వచ్చింది. "చర్చి అయ్యగారు," అంటూ బయటికి వెళ్లాడు. మరుక్షణం నిస్సీ బల్ల మీదికి వంగింది.

"సూడన్నా, నా ఫొటో మంచిగ తీసినవనుకో, నీ బోర్డు ఉండదు."

"బోర్డు తీసేస్తా గని, అన్నా అనకుండ్రి. ఇయన్నీ మీరు కావాలనే జేసిన్రా?"

"డాడీ వన్, టూ, త్రీ అంటడు. త్రీకి నేను కండ్లు మూస్తా. మస్తు ప్రాక్టీసయింది."

"ఎందుకట్ల?"

నిస్సీ గొంతులో వెటకారం కాస్త తగ్గింది. "రోజంతా నా ముంగట బెల్టు మీద బిస్కెట్లు పోతుంటయి. మంచిది ఇటు, ఇరిగింది అటు. నన్ను గూడ ఎవడో ఫోన్‌ల గట్లనే చూసి ఇటో అటో పడేస్తుంటే ఒళ్లు మండుతది. నాతోని మాట్లాడి మెచ్చుకునేటోడు గావాలె. ఫొటో బాగుంటే అందరూ ఎగబడతరు, డాడీ ఎవడికో ఒకడికి మాటిచ్చేస్తడు."

హెన్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. అతను పుట్టి బుద్ధెరిగాక చెడ్డ ఫొటో తీయలేదు.

"సరే, చెడగొడతా," అన్నాడు.

"వస్తదా నీకు?"

"రాదు. నేర్చుకుంటా."

ఆశీర్వాదం లోపలికి రాగానే హెన్రీ గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, శనివారం ఉప్పల్ల తీద్దాం. మెట్రో పిల్లర్ దగ్గర. మిట్టమధ్యాహ్నం."

ఫొటోకి అంతకంటే దిక్కుమాలిన వేళ ఇంకొకటి లేదు. నిస్సీ అతని వైపు మొదటిసారి గౌరవంగా చూసింది.

*

శనివారం ఉప్పల్‌లో ఎండ పెళపెళలాడుతోంది. ఆశీర్వాదం రోడ్డవతల చెరకురసం బండి నీడలో కూర్చున్నాడు. ఇవతల హెన్రీ చెడ్డ ఫొటో కోసం చెమటోడుస్తున్నాడు.

"పిల్లరుకు సక్కగ ముంగట నిలబడు. నీ నెత్తిలకెల్లే మొలిచినట్టుండాలె."

"చేతులు?"

"పక్కలకు అతికిచ్చెయ్. స్కూల్ల ప్రేయర్‌కు నిలబడ్డట్టు."

"ఎండ కండ్లల్ల పడుతుంది."

"పడాలె. మొహం ముడుసుకుంటెనే గద."

"మరి ఫోకస్?"

"పిల్లరు మీద పెట్టిన. నీ మీద లేదు."

"అబ్బో, పనోడివే!" అని నిస్సీ ఫక్కున నవ్వింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆమె నవ్వితే పిల్లరు కనబడటం లేదు. ఎండ, వంకర, మసక ఏదీ కనబడటం లేదు. హెన్రీ తీసిన ఫొటో తీసినట్టే చెరిపేశాడు.

"నవ్వకు. నవ్వితే మంచిగొస్తది."

"నువ్వు నవ్వియ్యకు మరి."

"నేనేమన్న? అందరికీ నేను చెప్పేదే ఉల్టా జేస్తున్న. దగ్గరికి పోవాలె, దూరం పోయిన. వెలుతురు పక్కకెల్లి రావాలె, నెత్తి మీదకెల్లి తెచ్చిన. స్మైల్, స్మైల్ అని చంపొద్దు, ఊకె మాట్లాడుతుండాలె. మాట్లాడుతుంటే మొహం దానంతటదే విచ్చుకుంటది..."

"ఇప్పుడు నువ్వు మాట్లాడుతనే ఉన్నవ్ గద."

హెన్రీ టక్కున నోరు మూసుకున్నాడు. ఘట్‌కేసర్ వైపు పోతున్న షేర్ ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "అన్నా, కెమెరా వంకర పట్టినవ్!" అని అరిచాడు.

"తెలుసన్నా!" అని హెన్రీ తిరిగి అరిచాడు.

ఎట్టకేలకు ఒకటి కుదిరింది. వంకరగా, కళ్లు మూసుకుని, మొహం మసకగా, తల మీద పిల్లరుతో. ఇద్దరూ స్క్రీన్ మీదికి వంగి చూసుకున్నారు.

"పిల్లరు మాత్రం బాగా వచ్చింది," అంది నిస్సీ తృప్తిగా.

అంతలోనే వాన దంచికొట్టింది. ఇద్దరూ స్కైవాక్ వంతెన కిందికి పరుగెత్తారు. నిస్సీ చున్నీ కొంగు పిండుకుంటూ ఫ్యాక్టరీ కబుర్లు చెబుతోంది. "ఇరిగిన బిస్కెట్లు గూడ రుచి గట్లనే ఉంటది తెలుసా? బ్రేక్‌ల అవే తింటా. పాపం, వాటికెవరున్నరు?"

వాన వెలుతురు పక్క నుంచి మెత్తగా పడుతోంది. వెనక రోడ్డు, బస్సులు, జనం అన్నీ తడిసి చెరిగిపోయాయి. హెన్రీ చేతులు అతని మాట వినలేదు. వన్ అనలేదు, టూ అనలేదు. ఆమె మాట మధ్యలో తలెత్తి అతని వైపు చూసింది. క్లిక్‌మంది.

"ఏంది, తీసినవా?"

"లేదు, లెన్సు తుడుస్తున్న."

అబద్ధం. అంతకంటే పెద్ద నిజం ఏమిటంటే, ఆ అమ్మాయంటే అతనికి ప్రాణం అయిపోయింది. ఆ ఫొటో బయటికి వస్తే రాష్ట్రంలో ఉన్న పెళ్లికొడుకులంతా నాచారం వచ్చి వరసలో నిలబడతారు. కాబట్టి ఎవరికీ చూపించకూడదనుకున్నాడు.

*

పిల్లరు ఫొటో సంబంధాల గ్రూపులోకి వెళ్లింది. ఈసారి ఎవరూ ప్రార్థన కూడా చేయరని హెన్రీ, నిస్సీ ధీమాగా ఉన్నారు. వారం తిరక్కుండానే ఆశీర్వాదం స్టూడియోకి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"బ్రదర్, నీ చెయ్యి బంగారం! ఘట్‌కేసర్ సంబంధం. పిల్లగాడు కాలేజీల లెక్చరర్, జీవన్ కుమార్. ఒక్క ఫొటోకే పడిపోయిండు. ఆదివారం ఆరాధన అయినంక ఇంటికొస్తుండు. నువ్వు కెమెరా తెస్కొని రా."

హెన్రీ చేతిలో లెన్సు జారి ఒళ్లో పడింది.

ఆదివారం ఆశీర్వాదం ఇంట్లో బగారన్నం వాసన గుమగుమలాడుతోంది. జీవన్ కుమార్ నున్నగా దువ్వుకుని సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో అతను చెప్పేది సివిల్. షర్టు జేబులోంచి పిల్లరు ఫొటో తీశాడు. లామినేషన్ కూడా చేయించాడు.

"నేను చాలా ఫొటోలు చూశానండి. అన్నిట్లోనూ నవ్వులే. నవ్వు నిలవదు. ఇందులో చూడండి, ఫొటో వంకరగా ఉన్నా సిస్టర్, పిల్లరు ఒకే కోణంలో ఉన్నారు. అదీ నిలకడ!"

చర్చి అలవాటుకొద్దీ సిస్టర్ అనేశాడు. ఆశీర్వాదం గట్టిగా దగ్గాడు. జీవన్ కుమార్‌కు అర్థం కాలేదు.

"సిస్టర్, ఒక్కసారి ఇలాగే నిలబడతారా?"

నిస్సీ ఫ్రిజ్ పక్కన నిలబడింది.

"కళ్లు..."

"మూయాల్నా?"

"ఫొటోలో మూసే ఉన్నాయి కదండీ."

నిస్సీ కళ్లు మూసుకుంది. జీవన్ కుమార్ ఫొటోను, మనిషిని మార్చి మార్చి చూసి సంతృప్తిగా తలూపాడు. ఆశీర్వాదం ఆనందం పట్టలేక భార్య ఎలిజబెత్‌ను పిలిచాడు. "తినంగనే అయ్యగారికి ఫోన్ జేద్దాం. నిశ్చితార్థం తేదీ పెట్టేద్దాం!"

నిస్సీ మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయింది. హెన్రీ బ్యాటరీ చార్జింగ్ వంకతో వెనకాలే వెళ్లాడు.

"అంతా నీ వల్లనే," అంది నిస్సీ. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంకా జర చెడగొట్టకపోయినవ్!"

"ఇంకా చెడగొడితే ఫొటోల నువ్వే ఉండవ్."

"తమాషా గాదు. ఆయన ముంగట జీవితాంతం కండ్లు మూస్కొని నిలబడాలె నేను."

హెన్రీ ఇక ఉండబట్టలేకపోయాడు. కెమెరా ఆన్ చేసి స్కైవాక్ కింద ఫొటో ఆమె ముందు పెట్టాడు. నిస్సీ స్క్రీన్ మీదికి వంగింది. పొయ్యి మీద కూర కుతకుతమంటోంది.

"లెన్సు తుడుస్తున్న అన్నవ్."

"అబద్ధం జెప్పిన."

"నేను గిట్లుంటనా?"

"నేను చూసినప్పుడల్లా గిట్లనే ఉంటవ్."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చూపియ్యలే?"

"చూపిస్తే మీ డాడీ ఎవరికో పంపుతడు. నువ్వు పోతవ్. నువ్వు పోతే నేను బతకలేనని కాదు గని, మస్తు డల్‌గ బతుకుతా."

నిస్సీ కళ్లు తుడుచుకుంది. కెమెరా లాక్కుని సరాసరి హాల్లోకి వెళ్లి జీవన్ కుమార్ ఒళ్లో పెట్టింది.

"ఇది నేను. చూస్కోండి."

జీవన్ కుమార్ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇందులో పిల్లరు లేదే!"

"ఉండదు."

"ఈ అమ్మాయి ఇప్పుడో ఇంకాసేపటికో నవ్వేలా ఉంది."

"నవ్వుతది. రోజూ నవ్వుతది. మాట్లాడుతది గూడ."

జీవన్ కుమార్ దిగాలుగా లేచాడు. "ప్రార్థన చేసి చెప్తామండి," అన్నాడు ఆశీర్వాదంతో. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. లామినేషన్ ఫొటో మాత్రం మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. దాంట్లో పిల్లరు బాగా వచ్చింది కదా మరి.

ఆశీర్వాదం కెమెరా చేతిలోకి తీసుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. ఎలిజబెత్ అతని భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏమయ్యా, బిడ్డ ఇందుల ఎవర్ని చూస్తుంది?"

"కెమెరాని."

"కెమెరాని అంత మంచిగ ఎవరన్న చూస్తరా? వెనక ఉన్నోడిని చూస్తుంది."

అందరూ వెనక ఉన్నోడి వైపు తిరిగారు. హెన్రీ ఒకడుగు ముందుకు వేశాడు. చెప్పేశాడు.

"అంకుల్, పిల్లరు ఫొటో నేను కావాలనే చెడగొట్టిన. నిస్సీ అంటే నాకిష్టం. ఫొటోల గాదు, ఎదురుంగ నిలబడి మాట్లాడుతుంటే ఇష్టం."

"ఆయన తప్పు లేదు డాడీ," అంది నిస్సీ. "మీరు త్రీ అన్నప్పుడల్లా నేనే కండ్లు మూసిన. అన్నిసార్లు నేనే."

ఆశీర్వాదం కుర్చీలో కూలబడ్డాడు. "మీ ఇల్లు యాడ?" అన్నాడు హెన్రీతో.

"రామంతాపూర్, చెరువు వెనక గల్లీ. మమ్మీ స్కూల్ టీచర్. ఆమెకు నిస్సీ గురించి చెప్పిన. తీస్కరా అన్నది."

ఆశీర్వాదం గడ్డం గోక్కుని, ఫ్యాను వైపు చూసి, చివరికి అన్నాడు. "ప్రార్థన జేసి చెప్తం."

హెన్రీకి ఆ మాట అర్థమైంది. కెమెరా తీసుకుని బ్యాగులో పెట్టాడు. నిస్సీ వైపు చూసే ధైర్యం లేక తల దించుకుని గడప దాకా వెళ్లాడు.

"యాడికి? ప్రార్థన అంటున్న గద!" అని ఆశీర్వాదం గదమాయించాడు. "రా, కండ్లు మూస్కో!"

హెన్రీ పరుగున వచ్చి కళ్లు మూసుకున్నాడు. ఆశీర్వాదం చేతులెత్తాడు.

"ప్రభువా, ఇన్నొద్దులు నా బొటనవేలే అడ్డమనుకున్న. బిడ్డ మనసు అడగలేదు, క్షమించు. ఈ పిల్లగాడు నా బిడ్డ కండ్లు తెరిపిచ్చిండు. నాకైతే ఒప్పుదలే. నీకేమన్న అభ్యంతరమా?"

ఆగాడు. ఫ్యాను కిర్రుకిర్రుమంది. వంటింట్లో కూర అడుగంటుతున్న వాసన వచ్చింది.

హెన్రీ భయం భయంగా ఒక కన్ను తెరిచాడు. ఎలిజబెత్ కళ్లు మూసుకుని ఉంది. ఆశీర్వాదం కళ్లు మూసుకుని ఉన్నాడు. నిస్సీ మాత్రం కళ్లు బాగా తెరిచి, స్కైవాక్ కింద చూసినట్టే అతని వైపు చూస్తోంది.

"ఏం లేదంట. ఆమేన్," అన్నాడు ఆశీర్వాదం.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నిస్సీ.

"ఉండుండ్రి, ఒక ఫొటో తీస్తా," అంటూ ఆశీర్వాదం ఫోన్ తీసి గోడ దాకా వెనక్కి నడిచాడు. ఇద్దరినీ ఫ్రిజ్ ముందు నిలబెట్టాడు. నెత్తి మీద ట్యూబ్‌లైట్. కిటికీ పక్కకి జరుగుదామని చెప్పడానికి హెన్రీ నోరు తెరిచాడు. నిస్సీ అతని కాలు తొక్కింది. హెన్రీ నోరు మూసుకున్నాడు.

"వన్... టూ... త్రీ!"

ఆ ఫొటో ఇప్పుడు స్టూడియోలో గల్లా పైన అన్నిటికంటే పెద్ద ఫ్రేములో ఉంది. ఫ్రిజ్ ఉంది, చెప్పులు ఉన్నాయి, మూలకు బొటనవేలుంది. గిరాకీలు దాన్ని చూసి, "ఎవరు తీసిన్రన్నా ఇంత అన్యాయంగ?" అని అడుగుతుంటారు.

"మా మామ," అంటాడు హెన్రీ. "తప్పులన్నీ ఉన్నయి, నిజమే. గని మా ఆమె కండ్లు చూడు."