హాజరు పలికినవాడు

ఆ యూనివర్సిటీ పాత బిల్డింగు కింద ఒక గది ఉంది. అందరూ దాన్ని కింది గది అంటారు. చీకటి పడ్డాక ఆ మెట్ల వైపు ఎవరూ పోరు. పగలు పోయినవాళ్ళు కూడా పని సగంలోనే అయిపోయిందనిపించుకుని పైకొచ్చేస్తారు. లోపల విరిగిన బెంచీలు తప్ప ఏమీ లేవు. అయినా సరే... తలుపు దానంతటదే పడుతుందట. పడిందా, బయటివాళ్ళు తియ్యాల్సిందే. లోపల గడియా లేదు, పిడీ లేదు.

ఈ కథ నాకు చెప్పినాయన నిలబడి చెప్పాడు. నేనూ ధైర్యంగానే విన్నాను. కాకపోతే కాళ్ళు రెండూ మంచం మీదికి లాక్కుని విన్నాను.

కింది గదికి సరిగ్గా పైన, ఒకప్పటి క్లాసురూములో, విద్యార్థుల సందేహాల కౌంటరు పెట్టారు. అందులో కూర్చునే గుమాస్తాని అందరూ జవాబుల బాబాయి అంటారు. యాభై దాటిన మనిషి. ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఇక్కడే బట్టతల సంపాదించాడు.

"బాబాయ్, హాస్టల్లో దోమలుంటాయా?"

"ఉంటాయి. వాటికి సీట్లు ముందే ఇచ్చేశాం."

"రూమ్మేటు గురక పెడితే?"

"వాడికంటే ముందు నువ్వు పడుకో. సమస్య వాడిదవుతుంది."

ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు ఉండేది కాదు. "కింది గదిలో ఎవరో పోయారట, నిజమేనా బాబాయ్?" అంటే చాలు, కిటికీ రెక్క మూసేసేవాడు. భోజనానికెళ్తున్నా అనేవాడు. పొద్దున్న పది గంటలకైనా సరే.

ఎందుకో ఇప్పుడే చెప్పేస్తాను. గుట్టు దాచడం మా వంశంలోనే లేదు.

ముప్పై ఏళ్ళ కిందట బాబాయికి ఒక రూమ్మేటు ఉండేవాడు. పేరు నిద్రమొహం. తెల్లారితే లేవలేడు. అందుకని ఇద్దరికీ ఒక ఒప్పందం — మేష్టారు వాడి నంబరు "ముప్పై ఏడు" అని పిలిస్తే బాబాయి తల వంచుకుని, గొంతు మార్చి, "ప్రెజెంట్ సార్" అనేవాడు. రాత్రి హాస్టల్ రిజిస్టర్లో సంతకమూ తనే పెట్టేవాడు. ఒక వేసవి మధ్యాహ్నం నిద్రమొహం చల్లగా ఉంటుందని కింది గదికెళ్ళి బెంచీల వెనక పడుకున్నాడు. సాయంత్రం వాచ్‌మన్ తాత గుమ్మంలోంచి ఒక కేకేసి, పలుకు లేకపోయేసరికి తాళం పెట్టేశాడు.

హాస్టల్ గదిలో మనిషి కనపడకపోతే, చెప్పకుండా ఇంటికి చెక్కేశాడనుకున్నాడు బాబాయి. ఎప్పటిలాగే హాజరు పలికాడు. నాలుగు రోజులు పలికాడు. క్లాసులో ఉన్నాడు, హాస్టల్లో ఉన్నాడు... ఉన్నవాణ్ణి ఎవరు వెతుకుతారు?

అయిదో రోజు తలుపు తీశారు.

హాజరు పలికిందెవరని అడిగితే క్లాసంతా నేల చూపులు చూసింది. బాబాయి అందరికంటే కిందికి చూశాడు. తప్పంతా తాత నెత్తిన పడింది. ఉద్యోగం పోయింది. పిల్లాణ్ణి చంపినవాడన్న పేరొక్కటి మిగిలింది, దాన్ని మోసుకునే ఆయనా పోయాడు. తాత కొడుకు ఇప్పుడక్కడే రాత్రి కాపలా. రోజూ బాబాయితో కలిసి టీ తాగుతాడు. "మా నాన్న అలాంటివాడు కాదు బాబాయ్" అంటాడు అప్పుడప్పుడు. "టీ చల్లారిపోతోంది, తాగు" అంటాడు బాబాయి.

ఆ గుట్టు ఒక్కటి బయటపడకపోతే చాలు, ఇంకో ఆరేళ్ళు గడిపేసి పెన్షన్‌తో ఇంటికి పోవచ్చు. ఆయన కోరుకున్నదల్లా అదే.

అడ్మిషన్ల వారం. రాత్రి తొమ్మిదిన్నర. కౌంటరు మూస్తుంటే టేబుల్ మీద ఫోన్ మోగింది.

"సార్... నాకింకా రూము రాలేదు." కుర్ర గొంతు. బాగా మెల్లగా.

"రేపు రా నాయనా."

"ఈ పూటకి కింద పడుకున్నా సార్. తలుపు పడిపోయింది... ఊపిరి ఆడట్లేదు."

బాబాయి రిసీవరు వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. కాపలా అతన్ని కేకేశాడు. అతను గేటు దగ్గరున్నాడు, వినపడలేదు. ఇంకోడు... అదే గదిలో... మళ్ళీనా?

ఇక్కడ ఆయన్ని కాస్త మెచ్చుకోవాలి. వణుకుతూనే మెట్లు దిగాడు. నేనైతే ఆ ఫోన్ ఇంకా ఎత్తి ఉండను.

గడియ తీశాడు. "నాయనా... ఎక్కడున్నావు?"

రెండడుగులు వేశాడు. మూడోది వేసేలోగా — వెనక తలుపు పడింది. బయట గడియ పెట్టిన చప్పుడు... తొందరేమీ లేనట్టు, నిదానంగా.

చీకటి. పాత చెక్క వాసన. జేబు తడుముకున్నాడు. సెల్‌ఫోన్ పైన టేబుల్ మీదే ఉంది.

అరిచాడు. తలుపు బాదాడు. గొంతు పోయాక కూలబడ్డాడు. పర్లేదు, ఇంటికి చేరకపోతే భార్య వెతికిస్తుంది కదా అనుకున్నాడు. అనుకుంటుండగానే పైన సెల్‌ఫోన్ మోగింది. గోడ పైభాగాన గాలి కోసం పెట్టిన కంత ఒకటుంది. అందులోంచి స్పష్టంగా వినపడుతోంది... ఎవరో ఫోనెత్తారు.

"ఈ రాత్రికి రాలేను. పని ఎక్కువగా ఉంది. నువ్వు తినేసి పడుకో."

తన గొంతే. ఆ చిన్న దగ్గుతో సహా.

"నేను కాదే..." అని గోడకి అతుక్కుని అరిచాడు. పైన ఫోన్ పెట్టేసిన చప్పుడు. అంతే.

అప్పుడు అర్థమైంది. పై మాటలు కిందికి వినపడతాయి. కింది అరుపులు పైకి పోవు. అంటే... ఆ రోజుల్లో నిద్రమొహం ఇక్కడే నిలబడి, పైన మేష్టారు పిలవడం విన్నాడు. ముప్పై ఏడు. ఉన్న ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని పలికుంటాడు. ఆ వెంటనే పైనుంచి, స్నేహితుడి గొంతు — ప్రెజెంట్ సార్.

చీకట్లో, చెవి పక్కనే, ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"పరీక్షకి ఎంత అటెండెన్స్ ఉండాల్రా?"

అలవాటు కొద్దీ బాబాయి పెదవులు ఆడాయి. "డెబ్బై అయిదు."

"నాకు నిండుగా ఉంది. చచ్చాక కూడా రెండు రోజులు క్లాసుకొచ్చాను."

రాత్రంతా ఇంకో మాట లేదు. ఊపిరి మాత్రం అలాగే ఉంది... చెవి పక్కనే.

తెల్లారింది. పైన కుర్చీ లాగిన చప్పుడు. కిటికీ రెక్క తెరుచుకుంది. కుర్రాళ్ళ గోల.

"బాబాయ్, మా క్లాసు ఏ గదిలో?"

"మేడ మీద, ఎడమ చేతికి రెండోది." తన గొంతే చెబుతోంది. తనకంటే మర్యాదగా చెబుతోంది.

"బాబాయ్, ఒక్కరోజు రాకపోతే ఎవరైనా చూస్తారా?"

పైన కుర్చీ వెనక్కి జరిగింది.

"చూడరు," అంది ఆ గొంతు. "ఎవడో ఒకడు నీ బదులు పలికేస్తాడు. నేనూ పలికాను. ముప్పై ఏడో నంబరుకి నాలుగు రోజులు పలికాను. కింద వాడు చచ్చిపోతుంటే వాడున్నాడని చెప్పింది నేను. అడిగినప్పుడు తల దించుకున్నది నేను. తాళం వేసిన తాతది తప్పు కాదు. ఎవడో ఒకడు లేడని తెలిసి ఉంటే ఆయన ప్రతి గదీ తెరిచి చూసేవాడు. ఆయన్ని ముప్పై ఏళ్ళు హంతకుణ్ణి చేసింది నేను."

"అబద్ధం!" కింద బాబాయి గోడని గోళ్ళతో గీరాడు. "అది నేను కాదు... ఆ మాటలు నావి కావు..."

పైన గోల మొత్తం ఆగిపోయింది. ఒక గ్లాసు కింద పడి పగిలింది. డ్యూటీ దిగి టీ తాగడానికొచ్చిన కాపలా అతను అక్కడే ఉన్నాడన్నమాట.

మెట్ల మీద అడుగులు. గడియ తీసిన చప్పుడు. వెలుతురు.

కాపలా అతను గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక మెట్ల నిండా కుర్రాళ్ళు. కౌంటర్లో మాట్లాడుతున్న మనిషి కిందికి వేలు చూపించి, చూస్తుండగానే లేకుండా పోయాడని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు.

అతను లోపలికి రాలేదు. గొంతూ పెంచలేదు.

"మా నాన్న తప్పు లేదన్నావు. ఇంతమంది ముందు అన్నావు. అది నువ్వేనా, బాబాయ్?"

బాబాయి బుర్ర చురుగ్గానే ఉంది. రాత్రి నుంచీ గడియ పడి ఇక్కడే ఉన్నాను, గోళ్ళు చూడండి, నేను పైన ఎలా ఉంటాను — ఈ ఒక్కటి చెబితే చాలు. అందరూ నమ్ముతారు. దెయ్యం మాట సాక్ష్యానికి పనికిరాదు. కాదు అని ఒక్క మాట... పళ్ళ వెనక సిద్ధంగా పెట్టుకున్నాడు.

"నేనే."

బాబాయి గొంతే. మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ విన్నారు. ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. తాత పేరు మీద మచ్చ చెరిపేస్తూ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

కాపలా అతను మాత్రం ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు... ఆ మాట వినపడినప్పుడు తను బాబాయి మొహమే చూస్తున్నాడట. పెదవులు బిగించే ఉన్నాయట.