చీమల్లో అమ్మ

పూర్వం సింగవర రాజ్యంలో ధూమకేశి అనే మాంత్రికుడు, రాజుగారి విందులో తనకు పీట వేయలేదని అలిగాడు. అలిగినవాడు ఇంటికి పోవచ్చుగా, పోలేదు. నగరంలోని జనాన్నంతా చీమలుగా మార్చేశాడు. గానుగవారి అమ్మాయి చెంగల్వ ఒక్కతే ఆ పూట ఇప్పగింజలకని అడవికి వెళ్లి మిగిలిపోయింది.

తిరిగివచ్చేసరికి వీధుల్లో పలకరించే దిక్కు లేదు. నెల రోజులు ఆ ఖాళీ నగరంలో ఒంటరిగా తిరిగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. చివరకు ఇంట్లో మిగిలిన ఒక్క బెల్లం ముక్కను కొంగున కట్టుకుని, మూడు అడవులు దాటి ఒక మునిని ఆశ్రయించింది.

“మీ జనం మూడు గూళ్లలో చేరారు తల్లీ. తామెవరో వాళ్లకే గుర్తులేదు. మీ అమ్మ ఏ చీమో పోల్చుకుని పిలిచావా, అందరూ మనుషులవుతారు. పొరపాటున వేరే చీమను పిలిస్తే ఇక ఎప్పటికీ చీమలే,” అన్నాడు ముని. “తొందరపడకు. ఏది ఎలా తింటుందో, ఎవరికి పెడుతుందో చూడు.”

మొదటి గూడు మామిడికొమ్మన ఉంది. అక్కడి ఎర్రచీమలు తమ పిల్లల నోటి పట్టుదారంతో ఆకులు కుట్టుకుని కాపురముంటున్నాయి. చెంగల్వ బెల్లం చూపగానే కాపలా చీమ చేయి కరిచింది.

“మాకు బెల్లమెందుకు పిల్లా? మిడతను తెచ్చావా?” అంది.

రెండోది పొలం గట్టున ఉంది. అక్కడివి గింజల చీమలు. తడిసిన గింజలను ఎండకు ఆరబెట్టి, మొలకెత్తకుండా మొన కొరికి దాచుకుంటున్నాయి.

“మళ్లీ వానొచ్చేలా ఉంది. నీతో మాట్లాడే తీరిక లేదమ్మా,” అని ఒకటి వెళ్లిపోయింది. చెంగల్వ కాసేపు ఆ గట్టుమీదే కూర్చుని, కళ్లు తుడుచుకుని లేచింది.

మూడోది తన ఇంటి పొయ్యి కింద చీలికలోనే ఉంది. రెండు రోజులుగా తిండిలేని చెంగల్వ, ఉన్న బెల్లమంతా నీళ్లలో కరిగించి గచ్చుమీద పోసింది. నల్లచీమలు బారులు తీరాయి. కడుపునిండా తాగి, ఆకలిగా ఉన్నవాటికి నోటితో నోటికి అందిస్తున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. దేన్నని పిలుస్తుంది? ఆమెకు ఏడుపొచ్చింది.

ఒక చీమ మాత్రం గూటి దారి విడిచింది. చెంగల్వ కాలి వేలెక్కి, మోకాలెక్కి, గడ్డం దాకా పాకి, తన నోటిలోని తీపిచుక్కను ఆమె పెదవిమీద పెట్టింది.

“అమ్మా,” అంది చెంగల్వ.

నగరమంతా అలికిడి లేచింది. చెంగల్వకు అర్ధరాజ్యం ఇస్తున్నానని రాజుగారు కబురంపారు. ఆ కబురు గుమ్మంలోనే ఆగింది. లోపల తల్లి కూతురి మొహం తడుముతూ, “ఇంతలా చిక్కిపోయావేమే? ఎప్పుడు తిన్నావు?” అని అడుగుతోంది. చెంగల్వ ఆమె ఒడిలో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అన్నం ఉడికి, ఆ పిల్ల కడుపారా తినేదాకా రాజభటులు బయటే నిలబడ్డారు.