ఉత్తనీళ్ళ గొట్టం

కొరాపుట్‌లో ఆవేళ మూడు గంటలకే మంచు దిగిపోయింది. మొగుడు పోయిన కాడి నించీ బుల్లమ్మకి అక్కడి నెత్తురు పరీక్షల లాబులోనే పని. గచ్చు తుడవడం, నెత్తురు గొట్టాలు అందించడం.

పరీక్షలు చేసే మోహన్‌కృష్ణ మిషను ముందు కూచున్నాడు. నెత్తుటి కణాల ఒంటి మీద గుర్తులుంటాయట. రంగుమందు కలిపితే మిషను వాటిని పోల్చుతుంది. అయిదో గుర్తూ, పంతొమ్మిదో గుర్తూ ఒకే కణం మీద కనిపిస్తే ముసలాళ్ళకొచ్చే ఆ నెత్తురు కేన్సరేమోనని అనుమానం.

"అత్తా, మిషను కడగాల. ఉత్తనీళ్ళు పెట్టు."

పెట్టింది. తెర మీద సున్నా ఉండాలి.

"ఏటిది? కణాలొస్తన్నాయి!"

"నీళ్ళలోనా? కళ్ళజోడు మార్చు బాబూ."

"నిజం అత్తా. అన్నిటికీ రెండు గుర్తులూ ఉన్నాయి."

బుల్లమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

పోయిన వేసవిలో మాచ్‌ఖండ్ నించి రమణమూర్తి గారనే ముసలాయన నెత్తురు ఈ పరీక్షకే వచ్చింది. మిగతావి ఫ్రిజ్జులో పెడతారు, ఈ పరీక్షది మాత్రం పెట్టకూడదు. అలవాటు కొద్దీ ఫ్రిజ్జు తీసి, చూడక ఫ్రీజరు అరలో పడేసింది. గడ్డకట్టి పాడైపోయింది. చెప్తే పని పోతుంది. పెళ్ళికి ముందు పరీక్షకొచ్చిన కుర్రాడి నెత్తురు మిగిలితే, దానికి ఈయన పేరు అతికించేసింది. జబ్బు లేదని రిపోర్టొచ్చింది. "బతికించేవమ్మీ," అని ఆయన అరటిపళ్ళిచ్చి వెళ్ళేడు.

మందూ మాకూ లేకుండా ఆ జబ్బుతోనే కార్తీకంలో పోనాడు.

ఇప్పుడు మళ్ళీ కొత్త గొట్టం. కొత్త నీళ్ళు. తెర మీద కణాల లెక్క నాలుగొందలు... తొమ్మిదొందలు... రెండు వేలు...

గదిలో మగ్గిన అరటిపళ్ళ వాసన. లాబులో పళ్ళే లేవు. ఎవరూ తేలేదు.

"పేరు రాసే గడి ఖాళీగా ఉందత్తా," మోహన్‌కృష్ణ గుసగుసలాడేడు. "ఎవరివో ఇవి?"

బుల్లమ్మ గుడ్డ కింద పెట్టింది.

"రమణమూర్తి గారివి బాబూ. నేనే... నేనే మార్చేసేను."

మొత్తం చెప్పింది. అతను చెయ్యి చాచి మిషను కట్టేసేడు.

"ఆయన భార్యకి ఫోను కలుపు బాబూ. నేనే సెప్తాను."

అవతల ఫోను మోగుతోంది. ఒకసారి... రెండుసార్లు...

పారబోద్దామని బుల్లమ్మ ఆ నీళ్ళ గొట్టం తీసింది.

గొట్టం వెచ్చగా ఉంది. అప్పుడే ఒంట్లోంచి తీసినట్టు.