ఫైలులో లేని మాత్రలు

శుక్రవారం పొద్దున్నే కువైట్‌లోని సల్వా నుంచి వచ్చి, అబూ హలీఫాలో కూతురింటి దగ్గర బస్సు దిగింది గంగులమ్మ. వారానికి ఒక్క రోజే ఆమెకు సెలవు. ఆ రోజైనా తీరిగ్గా కూర్చోమని కూతురు బతిమాలేది. కానీ చెప్పులు విడవగానే వంటింట్లోకి పోయి సంగటి కెలికితే తప్ప గంగులమ్మకు తోచదు.

కూతురు గంగాదేవి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ కోడర్. డాక్టర్లు రాసిన వివరాలు చదివి, రోగికి ఏ జబ్బు ఉంది, ఏ మందు ఏళ్ల తరబడి వాడుతున్నారు అన్నవాటికి తగిన నెంబర్లు వేయడం ఆమె పని. అల్లుడు మహేష్ అల్ రాయ్‌లో కార్ల మెకానిక్. కూతురు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే గంగులమ్మ, "ఆస్పత్రిలో కంప్యూటర్ ముందర కూచుంటాది" అని మాట మార్చేసేది. నర్సయితే సూదులు వేస్తాదని చెప్పుకోవచ్చు. నెంబర్లు వేస్తాదని ఏం చెప్పుకుంటుంది?

ఆదివారం ఆ ఆసుపత్రిలోనే గంగులమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీసే ఆపరేషన్. ఆమె పదహారేళ్లుగా వంట చేస్తున్న ఇంటి కువైటీ యజమానురాలు, అందరూ మామా అని పిలిచే ఆవిడ, తనే దగ్గరుండి చేర్పిస్తానంది.

"మా, నీ బతాకా యాడ పెట్టినావు? ఫారం నింపాల."

"ఆ సంచిలోనే ఉంటాది సూడు."

గుర్తింపు కార్డు కోసం సంచిలో చెయ్యి పెట్టిన గంగాదేవికి మాత్రల కట్ట తగిలింది. పేరు చదివి కుర్చీలో కూలబడింది. అవి స్టెరాయిడ్ మాత్రలు.

"ఇవి ఎన్నాళ్ల నుంచి మింగుతాండావు?"

"మోకాళ్ల నొప్పులకు ఊర్లో ఆరెంపీ ఇచ్చినాడు. పోయినప్పుడల్లా తెచ్చుకుంటాండా. నాలుగేండ్లయింటాది."

"రోజూనా?"

"మింగకపోతే మెట్లెట్ల ఎక్కేది? మామా ఇల్లు మూడంతస్తులు."

రెండేళ్లుగా అమ్మ మొహం గుండ్రంగా అవుతుంటే ఒళ్లు చేసిందనుకుంది గంగాదేవి. చేతుల మీద నల్లటి మచ్చలు కనిపిస్తే వంటింట్లో తగిలించుకుందనుకుంది. ఊరందరి ఫైళ్లలో ఇవే వెతికే తను సొంత తల్లి దగ్గర చూడలేకపోయింది.

"డాక్టరు అడగలేదా, రోజూ ఏం మందులు వాడతావని?"

"అడిగినాడు. ఏమీ లేవంటి. పక్కనే మామా ఉండె."

"అబద్ధం చెప్తివా!"

గంగులమ్మ తెడ్డు పక్కన పడేసి వచ్చింది. "మోకాళ్లు పనికిరావని తెలిస్తే మామా ఖలాస్ అంటాది. టికెట్ తీసి పంపించేస్తాది. ఈ ఈడులో నన్ను ఎవురు పెట్టుకుంటారే? నువ్వే గదా నెంబర్లు వేసేది. ఆ ఒక్క నెంబరు వదిలెయ్."

"నేను వేసేది కాదు మా. డాక్టరు రాసిందానికే మేం నెంబరు వేస్తాం. సొంతోళ్ల ఫైలు నేను ముట్టుకోకూడదు, మా కోడింగ్‌లోనే మునాఫ్ సార్ చూస్తాడు."

"మరింకేం? ఎవురూ రాయకపోతే నీకేం పోయింది?"

"నువ్వు పోతావు మా!"

మహేష్ గదిలోంచి బయటికొచ్చాడు. గంగాదేవి ఆ కట్ట అమ్మ ముందర పెట్టింది. "ఆపరేషన్ లాంటిదాన్ని ఒళ్లు తట్టుకునే బలం లోపలే తయారవతాది. ఏండ్ల కొద్దీ ఈ మాత్రలు మింగితే అది తయారవడం మానేస్తాది. ఆపరేషన్‌లో బీపీ పడిపోతే ఎందుకు పడిందో మత్తు డాక్టరుకు తెల్దు. ముందే చెప్తే ఇంజెక్షన్ ఇచ్చి కాపాడతారు. నువ్వు చెప్పకపోతే నీ కూతురిగా నేను చెప్తా."

"చెప్పినావంటే నా మొగం సూడొద్దు." గంగులమ్మ మాత్రల కట్ట సంచిలో కుక్కుకుని చున్నీ భుజాన వేసుకుంది. "ఇండ్లల్లో పని చేసి నిన్ను చదివిస్తే, ఆ చదువు నా కూటికే అడ్డం పెడతాండావా?"

సంగటి గిన్నెలోనే ఉండిపోయింది. మహేష్ బస్టాపు దాకా వెంటపోయి బతిమాలినా ఆమె వెనక్కి తిరగలేదు.

ఆదివారం ఉదయం గంగాదేవి ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చి, అటునుంచి అటే వార్డుకు పోయింది. మంచం మీద ఆసుపత్రి గౌనులో అమ్మ, పక్కన నల్లటి అబాయాలో మామా. మత్తు డాక్టరు ఖలీల్ హైదరాబాద్ మనిషి. కాగితాలు చూస్తూ తెలుగులోనే అడిగాడు.

"రోజూ ఏమన్నా మందులు తింటవా అమ్మా?"

గంగులమ్మ కూతురి వైపు చూడకుండానే, "లేదు సార్" అంది.

గంగాదేవి ముందుకొచ్చింది. "డాక్టర్ గారూ, నేను ఈమె కూతుర్ని. మీకొక విషయం..."

ఆయన ఆమె మెడలోని కార్డు చూసి ఆగిపోయాడు. "గంగాదేవివా? కోడింగ్‌ల ఉండే గంగాదేవివి నువ్వేనా?" అని, గంగులమ్మ వైపు తిరిగి నవ్వాడు. "నీ బిడ్డ నా ఫైళ్లు ఎన్నిసార్లు వాపస్ పంపిందో ఎరుకనా అమ్మా? మొన్నొక పెద్దాయన రక్తం పలచబడే గోళీలు తింటుండు. అది రాయడం నేను మరిచిన. ఏడాది నుంచి కొంటున్న మందుల చీటీ ఉంది, ఫైలుల ఎందుకు లేదని ఈ పిల్ల నన్ను నిలదీసింది. రెండు రోజులైతే ఆయనకు ఆపరేషన్. ఆ ఒక్క ప్రశ్నతోటి ఆయన బతికిండు."

అదే మాట మామాకు అరబ్బీలో చెప్పాడు. మామా గంగాదేవిని తల నుంచి పాదాల దాకా కొత్తగా చూసింది.

గంగులమ్మ కళ్లు కూతురి మీదే నిలిచాయి. అంత పెద్ద డాక్టరు తన తప్పు తనే చెప్పుకుని, తన కడుపున పుట్టిన పిల్లను పొగుడుతున్నాడు.

"నేను చెప్పాలనుకున్నది..." అని గంగాదేవి మళ్లీ మొదలుపెట్టింది.

"నువ్వుండు పాపా." గంగులమ్మ చెయ్యెత్తి ఆపింది. దిండు కింద నుంచి మాత్రల కట్ట తీసి డాక్టరు చేతిలో పెట్టింది. "నాలుగేండ్లుగా రోజూ మింగుతాండా సార్. అబద్ధం చెప్పినా. రాసుకోండి." ఆ వెంటనే తనకొచ్చిన అరబ్బీలో మామాకూ చెప్పింది. మోకాళ్ల సంగతి కూడా దాచలేదు.

మామా మొహం తిప్పుకుంది. సంచి తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

"పాయె" అంది గంగులమ్మ మెల్లగా. గంగాదేవి పక్కన కూర్చుని అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

ఆపరేషన్ మంగళవారానికి మార్చారు. ముందుగా ఇంజెక్షన్ ఇచ్చి, జాగ్రత్తగా చేశారు. మధ్యలో ఒకసారి బీపీ దిగిందనీ, కారణం తెలిసి సిద్ధంగా ఉన్నందువల్ల సర్దుకుందనీ డాక్టర్ ఖలీల్ చెప్పాడు. ఫైలులో జెడ్ డెబ్బై తొమ్మిది పాయింట్ ఐదు రెండు, అంటే దీర్ఘకాలంగా స్టెరాయిడ్ వాడకం, మునాఫ్ వేశాడు.

బుధవారం మామా వచ్చింది. వస్తూనే కేకలేసింది. "మా అమ్మ మంచాన పడితే కాళ్లు పిసికినదానివి, నీ కాళ్ల నొప్పి నాకు చెప్పలేవా?" అని. పై అంతస్తుల పనికి వేరే మనిషిని మాట్లాడాననీ, ఇక వంటిల్లు ఒక్కటే చూసుకోమనీ, ముందు మోకాళ్ల డాక్టరుకు చూపిస్తాననీ కోపంగానే చెప్పింది. గంగులమ్మ ఏడుస్తూ తలూపింది.

ఆ మధ్యాహ్నం గంగాదేవి జావ తీసుకుని వచ్చేసరికి, అమ్మ పక్క మంచంలోని రాయచోటి బిస్మిల్లా బీతో మాట్లాడుతోంది. గంగాదేవి తలుపు దగ్గరే ఆగింది.

"మీ పాప నర్సా?" అంటోంది బిస్మిల్లా బీ.

"నర్సు కాదు వదినా, కోడర్." గంగులమ్మ ఆ మాటను ఒత్తి పలికింది. "మనం ఏండ్ల తరబడి మింగే మందులన్నిటికీ నెంబరు ఉంటాది. అది ఎక్కకపోతే డాక్టర్లనైనా నిలబెట్టి అడుగుతాది నా కూతురు. నన్ను కూడా ఇడిసిపెట్టలా."

గంగాదేవి జావ గిన్నె మీద మూత సర్దుతూ అక్కడే నిలబడిపోయింది, కళ్లు తుడుచుకున్నాకే లోపలికి పోవాలని.