చిప్పు కాలుతోందండీ

"మీ డబ్బా కాలుతోందండీ," అన్నాడతను, గుమ్మంలో నిలబడే.

పిచ్చుక సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టి తలెత్తింది. అతన్ని కాదు, అతని చేతిలోని డబ్బాని చూసింది. అది తను స్వయంగా చేసిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్. అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా. లోపల ఎనిమిది కాళ్ల నల్లటి చిప్పు ఒకటి. ఆప్-ఆంప్ అంటారు దాన్ని. శబ్దాన్ని పెంచే పని దానిదే.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు పుల్లలా ఉండేదని తల్లి అలా పిలిచింది. ఇరవై ఆరేళ్లొచ్చినా ఆ పేరు వదల్లేదు. పగలు తూకం మిషన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. సాయంత్రాలు భోజనాల బల్లలో సగం ఆక్రమించుకుని ఈ ఆంప్లిఫయర్లు తయారుచేసి అమ్ముతుంది. ఇప్పటికి ముప్పై ఒకటి చేసింది. తిరిగొచ్చింది ఇదొక్కటే.

"కాలుతోందంటే? పొగ వచ్చిందా?"

"పొగ రాలేదు. చిప్పు మీద వేలు పెడితే మూడు అంకెలు లెక్కపెట్టేలోపు తీసెయ్యాల్సి వస్తోంది."

"అసలు మూతెందుకు తీశారు?"

"కాలుతుంటే తియ్యనా మరి?"

పిచ్చుక డబ్బా అందుకుంది. తన హెడ్‌ఫోన్ తగిలించి, పాట పెట్టి, గంటసేపు నడిపింది. ఆ గంటలో అతను కుర్చీ అంచు మీద కూర్చుని తన గురించి కాస్త చెప్పాడు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తాడట. మనిషి బక్కపలచగా ఉన్నా గొంతు మాత్రం గదంతా నిండేలా ఉంది. పిచ్చుక చెల్లెలు ఆ సాయంత్రమే అతనికి 'చదువరి' అని పేరు పెట్టేసింది.

గంటయ్యాక పిచ్చుక చిప్పు మీద వేలు పెట్టింది. గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఇది మామూలేనండీ. పనిచేసేది ఏదైనా కాస్త వెచ్చగానే ఉంటుంది," అని పంపించేసింది.

నాలుగు రోజులకి వానలో మళ్లీ వచ్చాడు. నెత్తి మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. డబ్బా మాత్రం చొక్కా లోపల పొడిగా ఉంది. పిచ్చుక చిప్పు మార్చింది, మళ్లీ గంట నడిపింది. మళ్లీ గోరువెచ్చనే.

అతను వెళ్లాక చెల్లెలు, "అక్కా, వేడి డబ్బాలో లేదేమోనే," అంది. తల్లి నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. పిచ్చుక నవ్వలేదు.

మర్నాడే మూడోసారి వచ్చాడు. ఈసారి గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"మీకో విషయం చెప్పాలి..." అని మొదలుపెట్టాడు.

కర్టెన్ వెనక చెల్లెలు కిసుక్కుమంది. పిచ్చుకకి ఒళ్లు మండింది.

"చూడండి. నా బల్ల మీద వేడెక్కని చిప్పు మీ ఇంటికెళ్లగానే ఎలా వేడెక్కుతుందండీ? రావాలనుంటే రండి. నా పనికి లేని తప్పు అంటగట్టి, దాన్ని సాకు చేసుకోకండి."

అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది. డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఒకరోజంతా పిచ్చుకకి తను అన్నది సబబే అనిపించింది. రెండోరోజు అంతగా అనిపించలేదు. దాన్ని బాధ అని మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ఫిర్యాదొకటి తేలిపోయింది, అంతే అనుకుంది. కానీ తేలిపోయిన ఫిర్యాదు గురించి ఆలోచిస్తూ బస్సులో తన స్టాపు దాటి వెళ్లిపోయింది.

పదోరోజు షాపులో ఉండగా ఫోను మోగింది. ఎత్తగానే పెద్దాయన గొంతు, ఊరంతా వినిపించేలా:

"అమ్మాయ్, చదివేవాడి తండ్రిని. నాకు చెవులు సరిగ్గా వినపడవు. మీ డబ్బా ఉంటేనే వాడు చదివింది విని తప్పులు పట్టగలను. అదేమో పొద్దున ఆగిపోయింది. వాడేమో మీ ఇంటికి రానంటున్నాడు. నువ్వేం చెప్పినా నాకు వినపడదు కాబట్టి, కాదనకుండా రా. అడ్రసు రాసుకో."

ఆదివారం పొద్దున్నే పిచ్చుక వెళ్లింది. తలుపు తీసిన చదువరి నమస్కారం పెట్టి లోపలికి దారి చూపించాడు. గోడలకి దుప్పట్లు కట్టిన చిన్న గది. బల్ల మీద మైకు, పక్కన పుస్తకం, ఆ పక్కన ఆంప్లిఫయర్. డబ్బాలోంచి బయల్దేరిన తీగ తలుపు కిందుగా, నడవ పొడుగునా పాకి వెనక గదిలో పెద్దాయన పెట్టుకున్న హెడ్‌ఫోన్ దాకా వెళ్లింది.

"ఎంత పొడవుందిది?"

"పద్దెనిమిది మీటర్లు. నాన్న ఇక్కడే కూర్చుంటే దగ్గు రికార్డవుతోందండీ."

డబ్బా చల్లారినట్టుంది, స్విచ్ వెయ్యగానే మళ్లీ పలికింది. పది నిమిషాలాగి పిచ్చుక చిప్పు మీద వేలు పెట్టింది.

"అబ్బా!"

వేలు నోట్లో పెట్టుకుని అతని వైపు చూసింది. చెప్పాను కదా అని అతను అనలేదు. అని ఉంటే ఆమెకి తేలికగా ఉండేది.

సంచిలోంచి చిన్న ఆసిలోస్కోపు, కరెంటు తీరుని తెర మీద గీతగా చూపించేది, తీసి తగిలించింది. తెర మీద సన్నటి గీత ఉండాల్సిన చోట లావుపాటి పట్టీ కనిపించింది.

"చూశారా? మాట లేకపోయినా చిప్పు లోపల్లోపల వణుకుతోంది, సెకనుకి లక్షల సార్లు. చెవికి వినపడదు, వేడిగా బయటపడుతుంది. ఇంత పొడవు తీగని లాగలేక అది పడే అవస్థ. మా ఇంట్లో తీగ గజం కూడా ఉండదు. అందుకే నాకు తెలియలేదు."

"ఓహో."

"ఓహో కాదు. బయటికెళ్లే దారిలో కరెంటుని కాస్త నిలవరించే చిన్న రెసిస్టర్లు రెండు పెడితే ఇది రాదు. పుస్తకాల్లో పెట్టమనే ఉంది. శబ్దం ఇంకాస్త తేటగా వస్తుందని నేనే తీసేశాను. తప్పు నాదే. మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. క్షమించండి."

అతను తలూపాడు. ఆమె కరెంటు తీసి రెసిస్టర్లు రెండూ అతికించింది. మళ్లీ స్విచ్ వేస్తే తెర మీద గీత సన్నగా నిలబడింది.

"వేడి చూడాలి. కాసేపు మైకులో ఏదైనా చదవండి."

అతను పుస్తకం తెరిచాడు, మూసేశాడు. చదవకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మొదటిసారి నిజంగా వేడి గురించే వచ్చానండీ. రెండోసారీ అంతే. ఆ రాత్రి తీగ పీకి చూస్తే చిప్పు చల్లబడింది. ఆ ఒక్క ముక్కా ఫోన్లో చెప్తే సరిపోయేది. కానీ చొక్కా ఇస్త్రీ చేసుకుని రెండు బస్సులు మారి వచ్చాను. మీరు సాకు అన్నారు. సగం నిజం కదా, అందుకే ఏం చెప్పాలో తెలియలేదు."

పిచ్చుక వేలు చిప్పు మీదే ఉంది. లెక్క ముప్పై దాటింది. చిప్పు గోరువెచ్చగానే ఉంది.

"మిగతా సగం?" అంది, తల తిప్పకుండానే.

"మిగతా సగం కూడా మిమ్మల్ని చూడాలనే వచ్చానేమో."

వెనక గదిలోంచి పెద్ద కేక వినిపించింది.

"ఒరేయ్! నువ్వు చెప్పింది శుభ్రంగా వినపడిందిరా! ఆ అమ్మాయి ఏమందో వినపడలేదు. మైకు అటు తిప్పు!"

చదువరి మొహంలో రక్తం లేదు. మైకు కట్టేయడానికి చెయ్యి చాపాడు. పిచ్చుక దాన్ని ముందే తన వైపు లాక్కుంది.

"ఇంకా ఏమీ అనలేదండీ," అంది మైకులో, నెమ్మదిగా, పెద్దాయనకి అందేలా. "ఇప్పుడంటున్నాను. రేపు సాయంత్రం మీ అబ్బాయిని మా ఇంటికి రమ్మనండి. డబ్బా తేవొద్దని చెప్పండి."

"డబ్బా నా దగ్గరే ఉంటుందిలేమ్మా," అన్నాడు పెద్దాయన అవతల్నించి. "వాణ్ణొక్కణ్ణే పంపిస్తాను."