నంబర్ ప్లేటు మీది రెండు అక్షరాలు

"నేను చెయ్యలేదు మేడమ్. చేశానేమో అంటే, అదీ కాదని చెప్పలేకపోతున్నాను."

క్లిఫర్డ్ యెలండ్ కుర్చీలో కూర్చోకుండానే చేతిలోని కాగితాలు బల్ల మీద పరిచాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ప్లిమత్‌లో నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరైనవాడు. పక్కనే అతని భార్య బెరిల్ తల వంచుకుని నిలబడింది.

ప్రైవేట్ డిటెక్టివ్ టామ్సిన్ పాస్కో పై కాగితం తీసి చదివింది. కిటికీ దగ్గర ఆమె సహాయకుడు డెన్జిల్ హాకింగ్ నోట్‌బుక్ తెరిచాడు. పోస్ట్‌మన్ ఉద్యోగం మానేసి ఆమె దగ్గర చేరి ఆరేళ్ళయింది. ఆమె కాగితం చదివే తీరు చూడటమంటే అతనికింకా విసుగు పుట్టలేదు.

ఫ్రాన్స్ పోలీసులు పంపిన ఉత్తరం అది. జూన్ పదకొండున కెర్‌మాడెక్ అనే పల్లెలో, ఒక కారు వెనక లాక్కెళ్తున్న చక్రాల ఇల్లు, అంటే కారవాన్, సైకిల్ మీద పోతున్న ముసలాయన్ని గీరుకుంటూ పోయింది. ఆయన కాలు రెండు చోట్ల విరిగింది. బండి ఆగలేదు. అక్కడ బేకరీ నడిపే ఆవిడ, వెళ్ళిపోతున్న కారవాన్ వెనక నంబరు చూసి, చేతికందిన కేకు డబ్బా మూత మీద రాసుకుంది. అది యెలండ్ కారు నంబరు.

"ఆ రోజు మీరు ఆ రోడ్డు మీదే వెళ్ళారా?" అని అడిగింది టామ్సిన్.

"వెళ్ళాను. మా కారవాన్ క్లబ్బు వాళ్ళం మూడు బండ్లు. నేను, మా సెక్రెటరీ రోలండ్ లస్కోమ్, నోరీన్ బికిల్. ఎవరి వేగం వారిది, ఎవరి దారిన వాళ్ళం నడుపుకున్నాం. నాకే దెబ్బా తగిలినట్టు తెలియలేదు. కానీ కారవాన్ పక్క తగిలితే ముందు కారులో ఉన్నవాడికి తెలుస్తుందా? కళ్ళు మూసుకుంటే ఆ రోడ్డే. ప్రతి మలుపులోనూ ఒక సైకిల్ కనిపిస్తోంది."

"మా అబ్బాయి ఇక డ్రైవింగ్ మానెయ్యమన్నాడు" అంది బెరిల్ మెల్లగా. "క్లబ్బు నుంచి కూడా తీసేశారు. ఆ కాగితం మీద సంతకం రోలండ్‌దే."

తర్వాతి నాలుగు రోజులూ డెన్జిల్‌కి ఫోను దగ్గరే గడిచాయి. ఫ్రాన్స్ స్టేషన్‌లో గుమాస్తా, "ఆ నంబరు కారవాన్‌ది, దాని రిజిస్ట్రేషన్ పత్రం పంపండి" అన్నాడు. ఇక్కడి లైసెన్సుల ఆఫీసులో, "అది కారు నంబరు. మా దగ్గర అలాంటి కారవానే లేదు" అన్నారు.

"ఇంగ్లండులో కారవాన్‌కి సొంత నంబరు ఉండక్కర్లేదు, లాగే కారు నంబరే వెనక తగిలిస్తాం అని ఆ ఫ్రాన్స్ గుమాస్తాకి పదకొండుసార్లు చెప్పాను" అంటూ డెన్జిల్ రిసీవరు దించేశాడు. "వాళ్ళ దేశంలో ఆ సైజు కారవాన్‌కి సొంత నంబరు ఉంటుందట. నేనేదో దాస్తున్నానని వాడి అనుమానం. నా తల గోడకేసి కొట్టుకోవాలనుంది!"

"కొట్టుకునే ముందు, ఉత్తరంతో వచ్చిన ఆ కేకు మూత కాపీ ఇలా ఇవ్వండి" అంది టామ్సిన్.

బేకరీ ఆవిడ నంబరుతో ఆగలేదు. ప్లేటు ఎలా ఉందో అలాగే బొమ్మ గీసింది. ఎడమవైపు నీలి పట్టీ, అందులో గుండ్రంగా చుక్కలు, వాటి కింద రెండు అక్షరాలు: జి, బి. టామ్సిన్ చాలాసేపు దాన్నే చూసింది. ఏం కనిపించిందో డెన్జిల్‌కి అంతుపట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ నోరీన్ బికిల్ ఇంటికి వెళ్ళారు. ఆమె భర్త పోయాక ఒంటరిగా కారవాన్ లాక్కుంటూ దేశాలు తిరుగుతున్న మనిషి. ఫోన్లో ఫొటోలు చూపించింది. పదకొండో తారీఖు, భోజనాలకు ఆగిన చోట, యెలండ్ కారవాన్ వెనక భాగం స్పష్టంగా ఉంది. నీలి పట్టీలో యు, కె.

"దారిలో ఇంకేమైనా జరిగిందా?" అని అడిగింది టామ్సిన్.

"నాకేం జరగలేదు. ఆ పొద్దున రోలండ్ ఫ్రాన్స్‌లో ఓడ దిగేటప్పుడు మాత్రం వెనక ఏదో పరపరా గీరుకుంది. ఏం పోయిందని అడిగితే, నీ బండి నువ్వు చూసుకోమ్మా అన్నాడు. ఎదుటివాళ్ళ బండికి వంద వంకలు పెట్టే మహానుభావుడు కదా!"

అక్కణ్ణుంచి, కారవాన్లు నిలిపే క్లబ్బు మైదానానికి వెళ్ళారు. లస్కోమ్ కారవాన్ ఎండకీ వానకీ వెలిసిపోయింది. వెనక నంబర్ ప్లేటు మాత్రం కొత్తగా తళతళలాడుతోంది. ప్లేటు అడుగున, చట్టప్రకారం ఉండాల్సినట్టే, దాన్ని అమ్మిన దుకాణం పేరు సన్నటి అక్షరాల్లో ఉంది. టామ్సిన్ దాన్ని రాసుకుంది.

శనివారం ఉదయం టామ్సిన్ పిలిస్తే క్లబ్బు గదిలో అందరూ కూర్చున్నారు. లస్కోమ్ గడియారం చూసుకున్నాడు. "క్లిఫ్, నీకీ అవస్థ అక్కర్లేదు. వయసు మీద పడింది, ఒప్పేసుకో. ఎవరూ నిన్నేమీ అనరు."

యెలండ్ మొహం ఎర్రబడింది.

"ఒక్క ప్రశ్న, లస్కోమ్ గారూ" అంది టామ్సిన్. "ప్రయాణానికి ముందు అందరి ప్లేట్లూ తనిఖీ చేసింది మీరే కదా?"

"నేనే. క్లిఫ్‌ది పాత ప్లేటు. చుక్కలు, జి, బి. అది ఇప్పుడు విదేశాల్లో చెల్లదు, మన దేశం గుర్తుగా యు, కె ఉండాలి. కొత్తది చేయించమన్నాను."

"చేయించారు. మరి పాతదేమైంది?"

"నువ్వే ఊడదీశావు రోలండ్" అన్నాడు యెలండ్. "పారేస్తానని నీ పనిముట్ల పెట్టెలో వేసుకున్నావు."

లస్కోమ్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

టామ్సిన్ కేకు మూత బొమ్మనీ నోరీన్ ఫొటోనీ పక్కపక్కన పెట్టింది. "రెండింటిలోనూ నంబరు ఒకటే. కానీ ఆ రోజు యెలండ్ గారి కారవాన్ మీద ఉన్నది కొత్త ప్లేటు. గుద్దిన కారవాన్ మీద ఉన్నది పాతది. అంటే అది వేరే కారవాన్. ఓడ దిగేటప్పుడు మీ ప్లేటు ఊడిపోయింది. ప్లేటు లేకుండా పోతే మొదటి కూడలిలోనే ఆపుతారు. నలుగురికీ నియమాలు చెప్పే మీరు ఆ మాట స్నేహితులతో చెప్పలేకపోయారు. పెట్టెలో ఉన్నది తగిలించారు. మీ ఇప్పటి ప్లేటు అమ్మిన దుకాణం పుస్తకంలో తేదీ ఉంది. జూన్ పదిహేడు, మీరు తిరిగొచ్చిన మర్నాడు."

లస్కోమ్ ఆ ఫొటోని దగ్గరకు లాక్కుని చూశాడు.

"సాయంత్రం మార్చేద్దామనుకున్నాను" అన్నాడు లస్కోమ్ చివరికి. "అద్దంలో చూశాను, ఆయన పడిపోయాడు. ఆగితే ప్లేటు చూస్తారు. అందుకని... తర్వాత ఉత్తరం నీకొచ్చింది. నీ మీద పెట్టాలని కాదు క్లిఫ్, ప్రమాణంగా."

"ఆయన కాలెలా ఉంది?" అన్నాడు యెలండ్.

"ఏం?"

"ఆ ముసలాయన కాలు! మూడు వారాలైంది, ఒక్కసారైనా కనుక్కున్నావా? నేను కనుక్కున్నాను. ఆస్పత్రికి ఫోను చేసి, వచ్చీరాని భాషలో క్షమించమని ఏడ్చాను. చెయ్యని తప్పుకి!"

లస్కోమ్ తల దించుకున్నాడు. డెన్జిల్ ఫ్రాన్స్ స్టేషన్‌కి ఫోను కలిపి, రిసీవరు అతని చేతిలో పెట్టాడు. ఈసారి అవతల గుమాస్తాకి చెప్పాల్సింది తను కాదు.

బయట మెట్ల మీద యెలండ్ దంపతులు కూర్చున్నారు. టామ్సిన్, డెన్జిల్ కారు దగ్గరకు నడుస్తుంటే బెరిల్ గొంతు వినిపించింది.

"నేనూ నిన్ను నమ్మలేదు క్లిఫ్."

"నన్ను నేనే నమ్మలేదు" అన్నాడతను. "ఊరుకో. పద, ఆస్పత్రికి ఫోను చేద్దాం. ఈసారి ఏడవను, ఆయనతో మామూలుగా మాట్లాడతాను."